రేవు నుంచి ఖోలీ దాకా

"ఇక్యాసీ?" అనడిగింది ఫోనులో డాక్టరమ్మ.

"ఇక్యానవే," అన్నది మా చిన్నమ్మ.

"ఇక్యాసీ యా ఇక్యానవే, మౌసీ?"

2021 ఏప్రిల్లో, ముంబైలోని వర్లి బి.డి.డి. చాల్ మూడో అంతస్తు వరండాలో నడిచిన మాటలివి. చిన్నమ్మ అప్పుడే ఆరు నిమిషాలు నడిచొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. వేలికి ఆక్సీమీటరు ఉంది. సిరిసిల్ల పక్క ఊళ్లో పుట్టి, పెళ్లయిన ఏడాదే ఈ ఒంటిగది ఖోలీలో కాలుపెట్టిన మనిషి. నలభై ఏళ్లుగా మరాఠీ, హిందీ రెండూ గలగలా మాట్లాడుతుంది. కానీ ఊపిరి అందని వేళ నాలుక పుట్టిన ఊరికే పోతుంది. "తొంబై ఒకటి బిడ్డా, తొంబై ఒకటి," అన్నది. అవతలామెకు తెలుగు రాదు. నేను ఫోను తీసుకుని అంకెలు విడగొట్టి చెప్పాను: "నౌ. ఏక్." ఆమె తిరిగి అదే పలికింది: "నౌ. ఏక్. ఠీక్ హై."

హిందీలో 81కీ 91కీ మధ్య తేడా మాట చివరి ముక్కలోనే ఉంది. రోగి విషయంలో ఆ తేడా చాలా పెద్దది. ఆక్సీమీటరు చూపేది రక్తంలోని హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత వంతు ఆక్సిజన్ మోస్తోందో చెప్పే అంకె. ఆరోగ్యవంతులకు సాధారణంగా 95 పైన ఉంటుంది. 91 అంటే ఆక్సిజన్ పైపు ఉన్న మంచం కావాలి, అదీ ఆ పూటే. 81 అంటే ఐసీయూ. పొరపాటున 81 అని రాసుకుంటే, ఊళ్లో మిగిలిన నాలుగైదు ఐసీయూ మంచాల్లో ఒకటి అవసరం లేని మనిషికి పోతుంది. నిజంగా 81 ఉన్న ఇంకెవరో ఇంటి గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తారు.

కోవిడ్‌లో మాయ ఏమిటంటే, 91కి పడిపోయిన మనిషి కూడా నిలబడి మాట్లాడుతూనే ఉంటుంది. మనకు ఆయాసం తెలిసేది ముఖ్యంగా రక్తంలో కార్బన్ డయాక్సైడు పేరుకున్నప్పుడు. కోవిడ్ సోకిన ఊపిరితిత్తుల్లో చాలామందికి ఆ వాయువు బయటికి పోతూనే ఉంటుంది, లోపలికి రావలసిన ఆక్సిజన్ మాత్రం తగ్గిపోతుంది. మెదడుకు హెచ్చరిక ఆలస్యంగా అందుతుంది. అందుకే ఆరు నిమిషాల నడక. కూర్చున్నప్పుడు 96 చూపించిన వేలు, నడిచాక మూడు అంకెలకు మించి జారితే లోపల వ్యవహారం చెడిందని అర్థం. చాల్ వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి పొడుగ్గా ఉంటుంది. ఆ వేసవిలో అదే మా పరీక్ష గది.

సముద్రం అవతల పుట్టిన ఉపద్రవం ఆ వరండా దాకా రావడానికి ఎన్నో చేతులు మారింది. దాన్ని ఎదుర్కొనే సాయం కూడా అన్ని చేతులూ మారే రావాలి: విమానాశ్రయంలో పరీక్షించే అధికారి, ల్యాబు, వార్డు ఆఫీసు, అంబులెన్సు డ్రైవరు, మంచం పక్కన నర్సు. స్లాబు పోసేటప్పుడు నిచ్చెన పొడుగునా నిలబడి కాంక్రీటు తట్టలు అందించుకునే కూలీలను చూసే ఉంటారు. తట్ట చేతిలో ఉన్నంతసేపూ పడదు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయేటప్పుడే పడుతుంది. అధికారుల భాషలో సమన్వయం అంటాం చూడండి, అది ఆ రెండు చేతుల మధ్య జానెడు జాగాకు సంబంధించిన శాస్త్రం.

తట్టల పోలిక ఊరికే తేలేదు. ముంబైలో కామాఠీపుర అనే పేట పేరే తట్ట మోసినవాళ్లది. 18వ శతాబ్దం చివర్లో వర్లి దగ్గర సముద్రపు గండికి కట్ట వేసి, లోపలి పల్లపు నేలలు ఆరబెట్టుకుంటూ బొంబాయి పెరిగింది. ఆ రోజుల్లో నిజాం ఇలాకా నుంచి రాళ్లు కొట్టడానికి, మట్టి మోయడానికి, గోడలు కట్టడానికి వచ్చిన తెలుగు శ్రామికులను కామాఠీలన్నారు. వాళ్ల పేట కామాఠీపుర అయింది. బయటి ప్రపంచం ఆ గల్లీలను ఇంకో పేరుతో గుర్తుపెట్టుకుంది గానీ, ఈ నగరం గోడల్లో సగం కట్టిందెవరో అక్కడి ముసలివాళ్లను అడిగితే చెబుతారు. తర్వాత మిల్లులకు పద్మశాలీలు వచ్చారు. వర్లి, లోయర్ పరేల్ చాల్స్ నిండా కరీంనగర్, వరంగల్, నల్లగొండ యాస వినిపించింది.

వీళ్లందరినీ కుదిపేసిన మొదటి దిగుమతి ఉపద్రవం ప్లేగు.

1894లో హాంకాంగ్‌లో ప్లేగు చెలరేగింది. ఆ జూన్‌లో అక్కడికి చేరిన అలెగ్జాండర్ యెర్సిన్ అనే యువ వైద్యుడు గడ్డి కప్పిన చిన్న గుడిసెలో కూర్చుని, రోగుల గడ్డల నుంచి తీసిన ద్రవంలో ప్లేగు సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. జపాన్ నుంచి వచ్చిన కితసాతో కూడా అదే నెలలో అదే వేటలో ఉన్నాడు. అంటే బొంబాయికి రోగం రాకముందు రెండేళ్ల పాటు దాని పేరు తెలుసు, రూపు తెలుసు, హాంకాంగ్ ఓడలు ఏ రేవుకు వస్తాయో కూడా తెలుసు. తెలిసిన కబురు అందాల్సిన చేతికి అందలేదు. 1896 సెప్టెంబరులో మాండవిలో గోవా వైద్యుడు అకాసియో గాబ్రియేల్ వీగస్ తన రోగిని చూసి ఇది ప్లేగేనని తేల్చాడు. నగర పాలకులు మొదట ఆ పేరు పలకడానికే జంకారు. పేరు పలికితే వ్యాపారం ఆగుతుంది, ఓడలను ఏ రేవూ రానివ్వదు. వాళ్లు భయపడినట్టే 1897లో వెనిస్ నగరంలో దేశాలన్నీ ప్లేగు గురించి సమావేశమై ఓడలకు కట్టుబాట్లు పెట్టాయి. ఆ ఏడు బొంబాయి నుంచి హజ్ యాత్ర ఆగింది.

మాండవి రేవును ఆనుకున్న ధాన్యం గిడ్డంగుల పేట. మనుషులకన్నా ముందు అక్కడ ఎలుకలు చచ్చాయి. ఓడ ప్రయాణికుల చంకలు, గజ్జలు తడిమి చూసే పద్ధతి ఉండేది. లంగరు తాళ్ల మీదుగా దిగిపోయే ఎలుకను మాత్రం ఎవరూ తనిఖీ చేయలేదు. ఎలుక చస్తే దాని ఒంటి మీది ఫ్లీ అనే పురుగు ఆకలికి ఇంకో ప్రాణి మీదికి దూకి రోగం అంటిస్తుందని పాల్ లూయీ సిమోన్ 1898లో కరాచీలో ప్రయోగం చేసి చూపించాడు. చాలాకాలం ఎవరూ నమ్మలేదు. 1905 తర్వాత బొంబాయిలో పనిచేసిన ప్లేగు పరిశోధన సంఘం పేటపేటకూ ఎలుకలు పట్టించి, కోసి చూసి దాన్ని రుజువు చేసింది. ఎలుకల్లో రోగం పెరిగిన 10 నుంచి 14 రోజులకు మనుషుల్లో పెరుగుతుందని లెక్క తేలింది.

ఆ రెండు వారాలు ఎంత విలువైనవో ఆలోచించండి. మంచాలు సర్దడానికి, నర్సులను పిలిపించడానికి, ఇళ్లు ఖాళీ చేయించడానికి దొరికే వ్యవధి అది. నేటి వైద్యశాఖలు మురుగునీటిలో వెతికేది దానికోసమే. జబ్బు బయటపడకముందే సోకినవాళ్ల మలంలో సూక్ష్మజీవులు పోతుంటాయి. ముంబైలో పోలియో వైరస్ కోసం మురుగునీటి నమూనాలు 2001 నుంచి తీస్తున్నారు. హైదరాబాదులో సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2020లో అదే పద్ధతిలో కోవిడ్ తీవ్రతను అంచనా వేశారు. మాండవి చచ్చిన ఎలుకకూ, హైదరాబాదు మురుగునీటి సీసాకూ మధ్య నూటపాతికేళ్ల దూరముంది. రెండూ చెప్పేది ఒకే సంగతి, వినే చెవి ఉంటే.

1896లో వినలేదు గనక చేసిన పనులు ఎదురు తిరిగాయి. మోరీల్లో కార్బాలిక్ ద్రావణం కుమ్మరించారు. కలుగుల్లోని ఎలుకలు పక్క పేటలకు పారిపోయాయి. ఇళ్ల పైకప్పు పెంకులు తీయించారు. మనుషుల నివాసానికి పనికిరాదని గోడల మీద యూ.హెచ్.హెచ్. అని మూడు ఇంగ్లీషు అక్షరాలు రాశారు. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. మార్చిలో బ్రిగేడియర్ జనరల్ గాటకర్ నాయకత్వంలో ప్లేగు కమిటీ వేశారు. ఇంటింటి సోదాలు, జ్వరమున్నవాళ్లను లాక్కెళ్లడం మొదలైంది. వైద్యానికి సైనికాధికారిని పెద్దగా పెడితే తలుపు తట్టే పద్ధతి కూడా అలాగే ఉంటుంది.

రోగులను తీసుకెళ్లిన చోటు ఆర్థర్ రోడ్ ఆస్పత్రి. అక్కడికి చేరేసరికే చాలామంది చివరి దశలో ఉండేవారు. పోయినవాళ్లు తిరిగి రాకపోయేసరికి ఆస్పత్రే చంపుతోందని మిల్లు కూలీలు నమ్మారు. 1896 అక్టోబరు 29న దాదాపు వెయ్యిమంది దానిమీద దాడి చేశారు. 1898 మార్చి 9న, కామాఠీపురకు కూతవేటు దూరంలోని మదన్‌పురాలో, జబ్బుపడిన ఒక అమ్మాయిని చూడడానికి వచ్చిన బృందాన్ని ముస్లిం నేతగాళ్లు అడ్డుకోవడంతో నగరమంతా అల్లర్లయ్యాయి. రోగులను బియ్యపు బస్తాల వెనక, అటకల మీద దాచేవారు. దాచిన రోగి లెక్కకు రాడు. లెక్కకు రాని రోగికి ఏ ఏర్పాటూ ఉండదు. నా దృష్టిలో ఆ ఏళ్లలో బొంబాయి పోగొట్టుకున్నవాటిలో అతి విలువైనది తలుపు తట్టినప్పుడు తెరుచుకునే అలవాటు.

కాస్త బుద్ధి వచ్చాక పద్ధతి మార్చారు. ఏ సమాజానికి ఆ సమాజం సొంత ప్లేగు ఆస్పత్రి పెట్టుకోవచ్చన్నారు. బంధువులు పక్కన కూర్చోవచ్చు, తమ వంట తమకు దొరుకుతుంది, తమ భాషలో పలకరించేవాళ్లుంటారు. జనం తమంత తామే రావడం పెరిగింది. కులాన్ని బట్టి మంచం ఏమిటని ఇవాళ మనకు కష్టంగా తోచే మాట నిజమే. కానీ ఆ ఏర్పాటు వెనక ఒక వైద్య సత్యం దొరికింది: భయం తగ్గితే రోగి ముందుగా వస్తాడు, ముందుగా వస్తే బతికే అవకాశం పెరుగుతుంది.

అదే సమయంలో బైకుల్లా దగ్గర ఇంకో పని మొదలైంది. ఒడెస్సాలో పుట్టిన వాల్డెమార్ హాఫ్‌కిన్ 1896 అక్టోబరులో బొంబాయి వచ్చి, గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది తీసుకుని, మూడు నెలల్లో ప్లేగు టీకా తయారుచేశాడు. 1897 జనవరి 10న మొదటి సూది తనే వేయించుకున్నాడు. ఆ నెలలోనే బైకుల్లా జైలులో ముందుకొచ్చిన ఖైదీల మీద పరీక్షించారు. ఆ ప్రయోగశాల 1899లో పరేల్‌లోని పాత గవర్నరు బంగళాకు మారింది. నేటి హాఫ్‌కిన్ సంస్థ అదే.

పుణెలో మాత్రం తలుపు ఇంకోలా తెరుచుకుంది. సావిత్రిబాయి ఫూలే, డాక్టరైన తన దత్తపుత్రుడు యశ్వంత్ నడిపిన ప్లేగు శిబిరానికి రోగులను తనే చేరవేసేది. ఒక పిల్లవాడిని మోసుకొస్తుండగా ఆమెకు రోగం సోకి 1897 మార్చి 10న కన్నుమూసింది. ఫూలే దంపతుల సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో కామాఠీపుర తెలుగు మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ముందున్నారు. ఆ మరణవార్త ఆ గల్లీల్లో సొంతింటి కబురులాగే వినపడి ఉంటుంది.

ప్లేగు పోతూపోతూ నగరం రూపు మార్చింది. ఇరుకు పేటలను పడగొట్టి మళ్లీ కట్టడానికి 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. దాని తొలి పథకం కామాఠీపుర పక్కనున్న నాగ్‌పాడాలోనే. మన హైదరాబాదులోనూ 1911 ప్లేగు తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. బొంబాయిలో 1920లలో డెవలప్‌మెంట్ డిపార్టుమెంటు వర్లిలో కట్టినవే బి.డి.డి. చాల్స్: కింది అంతస్తు, పైన మూడు. ఒక్కో గది 160 చదరపు అడుగులు. వరండా చివర అందరికీ కలిపి పాయిఖానాలు. మా చిన్నమ్మ నడిచింది ఆ వరండాలోనే.

కరీంనగర్ వైపు ఒక మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. బతుకుతెరువుకు మూడే దారులని దాని అర్థం. 2020లో రోగం ఆ దారుల్లో రెండింటిని కలుపుకుంటూ వచ్చింది. ముంబై విమానాశ్రయంలో చైనా, హాంకాంగ్ నుంచి దిగేవాళ్లను జనవరి 18 నుంచి పరీక్షించారు. జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర స్థితి ప్రకటించింది. వెనిస్ కట్టుబాట్ల మనవరాలి వంటి 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నియమాల కిందే ఆ ప్రకటన వచ్చింది. కానీ మార్చి 11న ముంబైలో మొదట తేలిన ఇద్దరు రోగులు చైనా నుంచి రాలేదు, దుబాయి యాత్ర నుంచి వచ్చారు. కాపలా ఒక గుమ్మం దగ్గర, రాక ఇంకో గుమ్మం గుండా.

ఒక్క ప్రయాణికుడైతే తట్ట జారకుండా అందించడం మనకు చేతనవును. 2009 మే నెలలో న్యూయార్క్ నుంచి దుబాయి మీదుగా హైదరాబాదులో దిగిన యువకుడికి దేశంలో మొదటిసారి స్వైన్ ఫ్లూ తేలింది. విమానాశ్రయం నుంచి ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి వరకు గొలుసు తెగకుండా పనిచేసింది. వందలమంది దిగినప్పుడే అసలు పరీక్ష. విమానాశ్రయ ఆరోగ్య విభాగం కేంద్రానిది. 108 అంబులెన్సు రాష్ట్రానిది. ఇంటింటికీ వెళ్లే ఆరోగ్య సిబ్బంది నగరపాలికది. దుబాయి నుంచి దిగిన మన కార్మికుడి పాస్‌పోర్టులో చిరునామా జగిత్యాల జిల్లాలోని ఊరిది. అతను ఆ రాత్రి పడుకునేది వర్లిలో మేనమామ ఖోలీలో. ఆ కాగితం పట్టుకుని ఏ అధికారి ఏ తలుపు తట్టాలి? 2020 మార్చి నెల మధ్యలో మహారాష్ట్ర ప్రభుత్వం ఇంట్లో ఉండాల్సినవాళ్ల ఎడమచేతి మీద చెరగని సిరాతో ముద్ర వేయడం మొదలుపెట్టింది. మొరటు పద్ధతే అయినా, కాగితం మీద లేని చిరునామా చేతి మీదికి ఎక్కింది.

మార్చి చివర వర్లి కోళివాడలో కేసులు తేలి, ఆ జాలరి పేటకు దారులు మూసేశారు. ఏప్రిల్లో వర్లి ఉన్న జి సౌత్ వార్డు ముంబైలోనే అందరికన్నా పైనుంది. ఇంట్లోనే విడిగా ఉండండి అన్న సలహా 160 చదరపు అడుగుల గదిలో ఏడుగురికి ఎలా వర్తిస్తుంది? జూలైలో మూడు వార్డుల్లో దాదాపు 7 వేల మంది రక్తం పరీక్షిస్తే, మురికివాడల్లో నూటికి 57 మందికి, మిగతాచోట్ల 16 మందికి అప్పటికే వైరస్ సోకి పోయినట్టు తేలింది. ఒకే వార్డు, ఒకే గాలి. తేడా అంతా గది కొలతలో, పాయిఖానా తలుపు గొళ్లెంలో ఉంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా అప్పుడూ బొంబాయిలో యూరోపియన్లలో వెయ్యికి 8 మంది పోతే, అట్టడుగు కులాల్లో 61 మంది పోయారు.

ఇక మంచాల లెక్క చూద్దాం. ఇది తెలిస్తే ఆస్పత్రి వార్తలు చదివే పద్ధతే మారిపోతుంది. 1961లో జాన్ లిటిల్ అనే గణితవేత్త వరుసల గురించి ఒక సూత్రం రుజువు చేశాడు. రోజుకు ఎంతమంది చేరుతున్నారో, ఒక్కొక్కరు సగటున ఎన్ని రోజులుంటున్నారో గుణిస్తే, ఎప్పుడు చూసినా లోపల ఎంతమంది ఉంటారో వస్తుంది. రోజుకు 100 మంది చేరి పదేసి రోజులుంటే వెయ్యి మంచాలు కావాలి. ఏడేసి రోజులుంటే 700 చాలు. ఒక్క ఇటుక పేర్చకుండా 300 మంచాలు పుట్టినట్టే. 2020 మే 8న కేంద్రం స్వల్ప లక్షణాల రోగులను పది రోజులకు, మళ్లీ పరీక్ష లేకుండానే ఇంటికి పంపవచ్చని నియమం మార్చింది. బయటివాళ్లకు నిర్లక్ష్యంగా కనిపించిన ఆ కాగితం వెనక ఉన్నది ఈ గుణకారమే. మే 21న మహారాష్ట్ర ప్రైవేటు ఆస్పత్రుల మంచాల్లో నూటికి 80 తన చేతిలోకి తీసుకుని ధరలకు కట్టుబాటు పెట్టింది. ముంబై సెంట్రల్ దగ్గరి నాయర్ ఆస్పత్రి పూర్తిగా కోవిడ్‌కు మారింది. వర్లిలో ఆటలకు, సభలకు వాడే ఎన్.ఎస్.సి.ఐ. డోమ్‌లో మంచాలు పరిచారు. పైకప్పు ఎత్తు, గాలి ధారాళం, మోటార్లు తిరిగే జాగా ఉంది. ఇరుకు ఖోలీలో ఉండలేనివాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

అయినా జూన్ దాకా మంచం దొరకడం గగనమే. కోటీ పాతిక లక్షల మంది నగరానికి 1916 అనే ఒకే సహాయ నంబరు. ల్యాబు రిపోర్టు సాయంత్రం నేరుగా రోగి ఫోనుకు వచ్చేది. పాజిటివ్ అని చూసిన క్షణం ఇంటిల్లిపాదీ కనిపించిన ఆస్పత్రికల్లా ఫోన్లు చేసేవాళ్లు. డబ్బు, పలుకుబడి ఉన్నవాడికి జలుబుతోనే మంచం దొరికేది. కూలీకి ఊపిరాడకపోయినా దొరికేది కాదు. నగరపాలక కమిషనర్‌గా ఇక్బాల్ సింగ్ చహల్ వచ్చాక గొలుసును తిరగేశారు. రిపోర్టులు ముందు నగరపాలికకు రావాలన్నారు. తెల్లవారుజామున వాటిని 24 వార్డులకు పంచేవాళ్లు. ప్రతి వార్డులో ఒక వార్ రూమ్, వైద్యులు, ఫోన్లు, సొంత అంబులెన్సులు ఉండేవి. అక్కడి నుంచి మనిషి రోగి ఇంటికి వెళ్లి, ఆక్సీమీటరు పెట్టి, గది చూసి, ఇంట్లోనే ఉండవచ్చా, క్వారంటైన్‌కు పోవాలా, మంచం కావాలా అని తేల్చేవాడు.

ఇందులో మంత్రమేమీ లేదు. ఒకే వరుసలో నిలబడిన కోటిమందిని 24 వరుసలు చేశారు. వరుసకు ఒక పెద్ద ఉన్నాడు, అతనికి ఆ గల్లీలు తెలుసు. అడిగినవాడికి కాక అవసరమైనవాడికి మంచం పోయేలా ఫోను దిశ మార్చారు: అంతకుముందు రోగి ఆస్పత్రికి చేసేవాడు, ఆ తర్వాత వార్డు రోగికి చేసేది. 1897లో కూడా ప్రభుత్వమే ఇంటికొచ్చింది. అప్పుడు బూటుకాలితో వచ్చింది, ఈసారి వేలికి పెట్టే చిన్న పరికరంతో వచ్చింది. 2020 మొదటి నెలల్లో దారులు మూసి పోలీసులను నిలబెట్టిన భయం జనంలో పోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. లెక్కల్లోకి ఎక్కని మరణాలు ఈసారీ ఉన్నాయి.

గొలుసులో ఇంకో చేయి ఆక్సిజన్‌ది. నిమిషానికి 10 లీటర్లు పీల్చే రోగికి రోజుకు 14,400 లీటర్లు కావాలి. పెద్ద సిలిండరులో దాదాపు 7 వేల లీటర్లుంటుంది. అంటే మనిషికి రోజుకు రెండు సిలిండర్లు. వందమంది ఉంటే రెండు వందల సిలిండర్లు లారీ దిగాలి, మోయాలి, బిగించాలి. ద్రవ ఆక్సిజన్ లీటరు ఒక్కటి వాయువుగా మారితే సుమారు 860 లీటర్లవుతుంది. 13 వేల లీటర్ల ట్యాంకు ఒకటి నిండితే, నిమిషానికి 10 లీటర్ల చొప్పున పీల్చే 100 మందికి వారం రోజులు సరిపోతుంది. మొదటి అల తగ్గగానే ముంబై ఆస్పత్రుల్లో ట్యాంకులు కట్టించడం వెనక ఈ ముందుచూపు ఉంది. అయినా 2021 ఏప్రిల్ 16 రాత్రి ఆరు ఆస్పత్రుల్లో నిల్వ అడుగంటింది. తెల్లవారేలోపు 168 మంది రోగులను నగరంలోని వేరే కేంద్రాలకు మార్చారు. ప్రతి అంబులెన్సుకు ఎక్కడ ఖాళీ మంచం ఉందో ముందే తెలియాలి, దారిలో సిలిండరు ఉండాలి, అవతల ఎక్కించుకునే చేతులుండాలి. మే 5న సుప్రీం కోర్టు ఢిల్లీ ఆక్సిజన్ కేసు వింటూ ముంబై అనుభవం చూసి నేర్చుకోమన్నది.

అతుకు వేయని చోటు ఒకటి మిగిలింది, మనవాళ్లకు తగిలింది అక్కడే. 1897 ఫిబ్రవరికల్లా బొంబాయి జనాభాలో దాదాపు సగం ఊరొదిలి పోయింది. పోయినవాళ్లతో పాటు రోగమూ దక్కన్ పల్లెలకు పోయింది. 2020 మేలో మళ్లీ అదే. పనులు ఆగి, అద్దె కట్టలేక వేలమంది తెలుగు కూలీలు బస్సుల్లో, లారీల్లో, దొరికినదాంట్లో తెలంగాణ చేరారు. ఆ నెల రాష్ట్ర బులెటిన్లలో వలస కార్మికులని విడిగా ఒక లెక్క కనిపించేది. జగిత్యాల, మంచిర్యాల, యాదాద్రి పేర్లు పదేపదే వచ్చేవి. ముంబై వార్డు దగ్గరున్న జాబితాకూ, కూలీ దిగబోయే మండలంలోని ఆశా కార్యకర్తకూ మధ్య తీగ లేదు. బస్సు దిగినవాడు పొలంలో గుడిసె వేసుకుని పద్నాలుగు రోజులుంటే అది అతని మంచితనం, ఊరి పెద్దల మాట. రెండు రాష్ట్రాల మధ్య, రెండు భాషల మధ్య ఒక ఎక్సెల్ కాగితం ముందుగా పోయి ఉంటే ఆ మనిషి తన ఊరి పొలిమేరలో దొంగలా నిలబడాల్సిన పని ఉండేది కాదు. ఇంత పెద్ద వ్యవస్థలో అది కష్టమైన పని కాదని నా గట్టి నమ్మకం.

భాష సంగతి కూడా పట్టించుకోవలసినంతగా ఎవరూ పట్టించుకోలేదు. విమానం నడిపేవాళ్లు అంకెలను ఒక్కొక్కటిగా పలుకుతారు, విన్నవాళ్లు తిరిగి పలికి సరిచూసుకుంటారు. వర్లిలో తెలుగు, మరాఠీ, ఉర్దూ, భోజ్‌పురి మాట్లాడే ఖోలీల నుంచి రోజుకు వందల అంకెలు వార్ రూమ్‌కు పోయాయి. హిందీలో 79 ఉన్యాసీ, 89 నవాసీ. మరాఠీ లెక్కలు ఇంకో దారి. ఏ యంత్రమూ కొనకుండా, ఏ పైసా ఖర్చు లేకుండా సరిచేయగలిగిన అతుకు ఇది.

చిన్నమ్మకు ఆ రాత్రి పదిన్నరకు అంబులెన్సు వచ్చింది. డోమ్‌లో తొమ్మిది రోజులుంది. ఆమె ఖోలీ గోడకున్న తెలుగు క్యాలెండరులో, తిథి నక్షత్రాల కింద, మనవరాలు పెన్సిలుతో రాసిన అంకెలు ఇప్పటికీ ఉన్నాయి: 97, 96, 96, 94, 91. వార్డు నుంచి వచ్చిన ఆరోగ్య సేవిక ఆ పేజీని ఫొటో తీసుకుపోయింది. ఫోనులో డాక్టరమ్మ ముందున్నది ఆ ఫొటోయే.

అంతస్తు మొత్తానికి ఆక్సీమీటరు ఒకటే. తిరిగొచ్చిన రోజు చిన్నమ్మ దాన్ని స్పిరిటు దూదితో రెండుసార్లు తుడిచి, వరండా ఆ చివర గదిలో జ్వరంతో ఉన్న పెద్దాయనకు పంపింది. కాసేపటికి ఆ గది కోడలు గుమ్మంలోంచి కేకేసింది, "ఎంతుండాలె అత్తా?"

"ముందు ఎంతున్నదో చెప్పు బిడ్డా," అన్నది చిన్నమ్మ. "ఒక్కొక్క అంకె చెప్పు."

"తొమ్మిది," అన్నది ఆ పిల్ల. "నాలుగు."